నొప్పి లేని జబ్బుకు రోజూ మాత్ర

1967లో అమెరికాలోని మాజీ సైనికుల ఆసుపత్రుల నుంచి ఒక ప్రయోగ ఫలితం వెలువడింది. ఎడ్వర్డ్ ఫ్రీస్ అనే వైద్యుడి ఆధ్వర్యంలో జరిగిన ఆ ప్రయోగంలో 143 మంది మగవాళ్లున్నారు. అందరికీ బీపీలో కింది అంకె 115కీ 129కీ మధ్య ఉంది. సుమారు సగం మందికి బీపీ మందులిచ్చారు, మిగతావాళ్లకు మందు లేని ఉత్తుత్తి మాత్రలిచ్చారు. ఉత్తుత్తి మాత్రల వాళ్లలో 27 మందికి తీవ్రమైన ఉపద్రవాలు వచ్చిపడ్డాయి. మందు మింగినవాళ్లలో ఇద్దరికే. వయసు మీదపడేకొద్దీ బీపీ పెరగడం సహజమనీ, దాన్ని తగ్గించబోతే మెదడుకు రక్తం చాలదేమోననీ అప్పటిదాకా అనుమానించిన డాక్టర్లు చాలామంది ఈ అంకెలు చూశాక మనసు మార్చుకున్నారు.

ఆ ప్రయోగం గురించి చెప్పేటప్పుడు ఒక సంగతి సాధారణంగా జారిపోతుంది. అందులో చేర్చుకోబోయే ముందు ప్రతి మనిషికీ ఒక పరీక్ష పెట్టారు. రైబోఫ్లేవిన్ అనే విటమిన్ కలిపిన మాత్రలిచ్చి కొన్నాళ్లు వాడమన్నారు. ఆ విటమిన్ ఒంట్లోకి వెళ్తే మూత్రం అతినీలలోహిత కాంతి కింద మెరుస్తుంది. మాత్ర మింగారో లేదో ఆ మెరుపే చెప్పేస్తుంది. తిరిగొచ్చినప్పుడు సీసాలో ఎన్ని మాత్రలు మిగిలాయో కూడా లెక్కపెట్టారు. సరిగ్గా వాడనివాళ్లనీ, చెప్పిన రోజుకు రానివాళ్లనీ మొదట్లోనే పక్కన పెట్టేశారు. మందు పనిచేస్తుందా లేదా తేలాలంటే అలా చేయక తప్పదు. కానీ దానర్థం ఏమిటి? బీపీ మందు ప్రాణం నిలబెడుతుందన్న తొలి గట్టి రుజువు, మాత్ర తప్పకుండా మింగే మనుషులను ఏరి తెచ్చుకుని రాబట్టిన రుజువు. ఊళ్లో, పేటలో, మన ఇళ్లలో అలాంటి ఏరివేత లేదు. అక్కడ మందు అందరికీ రాస్తారు. మింగేది మాత్రం అందరూ కాదు.

ఎంతమంది మింగరు? 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్లో వచ్చిన ఒక పరిశోధన ఇందుకు కచ్చితమైన జవాబిచ్చింది. మందు సీసా మూతలో చిన్న ఎలక్ట్రానిక్ చిప్పు అమర్చారు. మూత తీసిన ప్రతిసారీ తేదీ, టైము అందులో నమోదవుతాయి. అలా 4,783 మంది బీపీ రోగుల రోజువారీ అలవాటు బయటపడింది. ఏడాది తిరిగేసరికి దాదాపు సగం మంది మందు పూర్తిగా ఆపేశారు. వాడుతున్నవాళ్లు కూడా ఏ రోజు చూసినా పదింట ఒక వంతు మాత్రలు వదిలేస్తున్నారు. ఆ వదిలేసిన వాటిలో కొన్ని ఒక్క రోజు మరుపు. దాదాపు అన్నే మాత్రలు వరసగా మూడు రోజులో అంతకన్నా ఎక్కువో ఆపేసిన సందర్భాలవి. రోజూ వేసుకోవడంలో అస్తవ్యస్తంగా ఉన్నవాళ్లే త్వరగా పూర్తిగా మానేస్తారని కూడా ఆ లెక్కల్లో తేలింది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003లోనే దీర్ఘకాలిక జబ్బుల మందుల గురించి నివేదిక ఇస్తూ, సంపన్న దేశాల్లో సైతం సగం మందే వైద్యం సరిగ్గా కొనసాగిస్తారని రాసింది. 2023లో అదే సంస్థ బీపీ మీద తొలి ప్రపంచ నివేదిక తెచ్చింది. 30 నుంచి 79 ఏళ్ల మధ్య వయసువాళ్లలో సుమారు 130 కోట్ల మందికి అధిక రక్తపోటు ఉందనీ, ప్రతి ఐదుగురిలో నలుగురికి తగిన వైద్యం అందడం లేదనీ అందులో తేల్చింది. బీపీ ఉన్నవాళ్లలో దాదాపు సగం మందికి ఆ సంగతే తెలియదు. తెలిసిన వాళ్లలోనూ, మందు చేతికొచ్చిన వాళ్లలోనూ మధ్యలో ఆగిపోయేవారి గురించే ఈ వ్యాసం.

మందులే లేని రోజులెలా ఉండేవో ఒక్కసారి గుర్తు చేసుకోవాలి. అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ 1945 ఏప్రిల్ 12న మెదడులో రక్తస్రావమై చనిపోయినప్పుడు ఆయన బీపీ 300/190. చుట్టూ దేశంలోకెల్లా పెద్ద వైద్యులున్నా వాళ్ల చేతిలో పనికొచ్చే మందు లేదు. ఆ తర్వాత నాలుగేళ్లకు, 1949లో, బొంబాయికి చెందిన గుండె వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ మన సర్పగంధ మొక్క వేరు బీపీని తగ్గిస్తోందని బ్రిటిష్ హార్ట్ జర్నల్లో ప్రకటించాడు. ఆ వేరు నుంచే రెసర్పిన్ వచ్చింది. 1958లో క్లోరోథయజైడ్, ఆ తర్వాత బీటా బ్లాకర్లు, ఇప్పుడు ఊరి మందుల షాపులోనూ దొరికే ఆమ్లోడిపిన్, టెల్మిసార్టాన్ వరుసగా వచ్చాయి. పై బీపీని 10 పాయింట్లు తగ్గిస్తే పక్షవాతం ముప్పు 27 శాతం, గుండె వైఫల్యం ముప్పు 28 శాతం తగ్గుతుందని 2016లో లాన్సెట్‌లో వచ్చిన పెద్ద సమీక్ష లెక్కగట్టింది. ఒక దేశాధ్యక్షుడికి దక్కని మందు ఇవాళ కూలీ మనిషికి అందుబాటులో ఉంది. అది స్ట్రిప్పులోనే ఉండిపోవడం బాధ కలిగించే విషయం.

రోగికి విషయం తెలియక మానేస్తున్నాడనీ, తెలియజెప్తే సరిపోతుందనీ అందరికీ తోచే జవాబు. ఈ జవాబును కెనడాలో నిజంగానే పరీక్షించి చూశారు. ఒంటారియో రాష్ట్రంలోని హామిల్టన్ నగరంలో ఒక పెద్ద ఉక్కు కర్మాగారం ఉంది. 1970ల్లో డేవిడ్ సాకెట్, బ్రయాన్ హేన్స్ అనే ఇద్దరు వైద్య పరిశోధకులు తమ బృందంతో ఆ కర్మాగారంలో బీపీ ఉన్న 230 మంది కార్మికులను తీసుకున్నారు. కొందరికి బీపీ అంటే ఏమిటి, వదిలేస్తే ఏమవుతుంది, మందెలా పనిచేస్తుంది అన్నవన్నీ పాఠాలుగా నేర్పి, నేర్చుకున్నారో లేదో పరీక్షించారు. కొందరికి ఆసుపత్రికి తిరిగే శ్రమ లేకుండా కర్మాగారంలోనే, పని వేళల్లోనే వైద్యం ఏర్పాటు చేశారు. ఆరు నెలల తర్వాత చూస్తే పాఠాలు విన్నవాళ్లకు బీపీ గురించి చాలా తెలుసు. మాత్రలు వేసుకోవడంలో మాత్రం పాఠాలు విననివాళ్లకూ వీళ్లకూ తేడా లేదు. దగ్గరలోనే డాక్టరున్నా తేడా రాలేదు.

అదే కర్మాగారంలో మరో సంగతి బయటపడింది. నీకు బీపీ ఉందని చెప్పిన తర్వాతి ఏడాదిలో ఆ కార్మికులు ఆరోగ్యం బాగాలేదంటూ పెట్టే సెలవులు సగటున 5 రోజులకు పైగా, అంటే 80 శాతం, పెరిగాయి. వైద్యం వల్ల వచ్చిన నలత కాదది. నిన్నటిదాకా తాను ఆరోగ్యవంతుణ్ణి అనుకున్న మనిషి, ఈ రోజు నుంచి రోగి. చెప్పిన మాటే అతణ్ణి కుంగదీసింది. అందుకే మాత్ర మానేసే మనిషిని చూసి మొండివాడనో, నిర్లక్ష్యమనో అనే ముందు ఆగాలనుకుంటాను. రోజూ పొద్దున్నే ఒక మాత్ర చేతిలోకి తీసుకోవడమంటే, నేను రోగినని రోజూ పొద్దున్నే ఒప్పుకోవడం. నొప్పి ఉన్న జబ్బులో ఆ ఒప్పుకోలుకు నొప్పే సాక్ష్యం. బీపీలో ఆ సాక్ష్యం లేదు.

ఎందుకు లేదు? రక్తనాళాల్లో ఒత్తిడి అంత పెరిగితే మనకు తెలియాలి కదా? ఒంటికి నిజానికి తెలుస్తుంది. మెడలో మెదడుకు రక్తం తీసుకెళ్లే ధమనుల గోడల్లో, గుండె నుంచి బయల్దేరే మహాధమని వంపులో ఒత్తిడిని పసిగట్టే నాడీ తంతువులుంటాయి. గోడ సాగితే అవి క్షణాల్లో సంకేతం పంపుతాయి. ఆ సంకేతం మెదడు కాండానికి చేరుతుంది, గుండె వేగాన్నీ నాళాల బిగువునూ సరిచేస్తుంది. అయితే మనకు స్పృహగా అనుభవమయ్యే చోటికి అది రాదు. పైగా ఒత్తిడి నెలల తరబడి ఎక్కువగానే ఉంటే ఆ తంతువులు దానికి అలవాటు పడిపోతాయి. 170 ఉంటే అదే మామూలు అన్నట్టు, అక్కడి నుంచే లెక్క మొదలుపెడతాయి.

ఇప్పుడు మందు మొదలైంది, బీపీ 135కు దిగింది. డాక్టరుకు సంతోషం. ఒంటికి మాత్రం ఉన్నట్టుండి బీపీ పడిపోయినట్టు అనిపిస్తుంది. మంచం మీంచి లేస్తే కళ్లు తిరుగుతాయి, నీరసం, పని మీద మనసు నిలవదు. ఒళ్లు కొత్త మామూలుకు సర్దుకునేదాకా కొన్ని వారాలు ఇలా ఉండొచ్చు. అంటే జబ్బు ఏ బాధా పెట్టలేదు, మందు మొదలుపెట్టాకే బాధ మొదలైంది. రోగి కళ్లతో చూడండి. ఇంతకాలం బాగున్నాను, ఈ మాత్ర వేసుకున్నాకే చెడింది, మానేస్తే మళ్లీ బాగుంది. ఏ తెలివైన మనిషైనా తన అనుభవం నుంచి అదే నేర్చుకుంటాడు. ఈ ఇబ్బంది రావచ్చనీ, వచ్చినా రెండు మూడు వారాల్లో తగ్గుతుందనీ మొదటి రోజే చెప్పే డాక్టరు ఎంతమందిని ఈ ఉచ్చులో పడకుండా కాపాడగలడో అనిపిస్తుంది.

మానేశాక ఏమవుతుంది? ఆమ్లోడిపిన్ రక్తంలో సగానికి తగ్గడానికే సుమారు 35 నుంచి 50 గంటలు పడుతుంది. అందువల్ల ఒక రోజు మర్చిపోయినా పెద్దగా తేడా రాదు. ఆ మందుకున్న మంచి గుణమది. కానీ ఆ గుణమే మనిషిని తప్పుదారి పట్టిస్తుంది. రెండు రోజులు వేసుకోలేదు, ఏమీ కాలేదు. వారం వేసుకోలేదు, బీపీ మెల్లగా పాత చోటికి చేరింది, అయినా ఏమీ అనిపించలేదు. పాదాల వాపుంటే అది కూడా తగ్గింది. అటెనొలాల్, క్లోనిడిన్ వంటి మందుల కథ వేరు. వాటిని ఉన్నట్టుండి ఆపితే బీపీ, గుండె వేగం ఎగిసిపడే ప్రమాదముంది. వాటిని డాక్టరు చెప్పిన పద్ధతిలో మెల్లగా తగ్గించాల్సిందే.

తెలియని జబ్బును మనిషి తెలిసిన గుర్తులతో కొలుచుకుంటాడు. 1985లో హోవర్డ్ లెవెంథాల్ బృందం అమెరికాలో బీపీ రోగులను ఒక ప్రశ్న అడిగింది: బీపీ పెరిగితే మనిషికి తెలుస్తుందా? ఇంచుమించు 80 శాతం మంది తెలియదన్నారు. డాక్టర్లు చెప్పిన పాఠం వాళ్లకు గుర్తుంది. తర్వాత, నీకు నీ బీపీ పెరిగితే తెలుస్తుందా అని అడిగితే, కొంతకాలంగా వైద్యంలో ఉన్నవాళ్లలో 90 శాతానికి పైగా తమకు తెలుస్తుందన్నారు. తలనొప్పి, ముఖం వేడెక్కడం, గుండె దడ, కంగారు, ఇలా ఎవరి గుర్తు వాళ్లకుంది. ఆ గుర్తు మందుతో తగ్గిందనుకున్నవాళ్లు మందు వాడారు. తగ్గలేదనుకున్నవాళ్లు వదిలేశారు. మన దగ్గరా ఇంతే. మెడ నరాలు లాగితే బీపీ, తల బరువెక్కితే బీపీ, కోపమొస్తే బీపీ. ఆ రోజు మాత్ర వేసుకుంటారు. మనసు ప్రశాంతంగా ఉన్న రోజు అక్కర్లేదనుకుంటారు. తలనొప్పికి వేసుకునే మాత్ర లెక్క అది. బీపీ మాత్ర ఆ పూటకు పనిచేసేది కాదు, పదేళ్ల తర్వాత రావాల్సిన పక్షవాతాన్ని రాకుండా చేసేది. రానిదాన్ని ఎవరూ చూడలేరు, అందుకే దాని మేలు కంటికి ఆనదు.

మందు వల్ల వచ్చే ఇబ్బందులు నిజం కాదని నేననను. ఆమ్లోడిపిన్‌తో కొందరికి చీలమండల దగ్గర వాపొస్తుంది. రామిప్రిల్, ఎనలాప్రిల్ రకంతో కొందరికి పొడిదగ్గు పట్టుకుంటుంది. నీరు తీసే మాత్ర వేసుకుంటే మాటిమాటికీ మూత్రానికి వెళ్లాలి. పొద్దున్నే కూలికి పోయే మనిషికి, మూడు గంటల బస్సు ప్రయాణం చేసే ఆడమనిషికి అది చిన్న ఇబ్బంది కాదు. మరుగుదొడ్డి ఎక్కడుందో తెలియని చోట ఆ మాత్ర మానేయడంలో తప్పు పట్టడానికి నాకు మనసొప్పదు. భయం కూడా ఒంటి మీద పనిచేస్తుంది. 2003లో ఇటలీ పరిశోధకులు గుండె జబ్బున్న 96 మంది మగవాళ్లకు అటెనొలాల్ ఇచ్చారు. ఏ మందో చెప్పనివాళ్లలో లైంగిక సమస్య 3 శాతం మందికే వచ్చింది. మందు పేరు చెప్పినవాళ్లలో 15 శాతం దాటింది. పేరుతో పాటు ఆ సమస్య రావచ్చని కూడా చెప్పినవాళ్లలో 31 శాతం. అందరూ మింగింది ఒకటే మందు.

ఇంకో భయం మన ఇళ్లలో బాగా వినిపిస్తుంది. ఒకసారి మొదలెడితే జీవితాంతం వాడాలట, అలవాటైపోతుందట, ఇంగ్లీషు మందులు కిడ్నీలు పాడుచేస్తాయట. బీపీ మందుకు ఒళ్లు బానిస కాదు. మానేస్తే బీపీ తిరిగొచ్చేది జబ్బు అక్కడే ఉంది కాబట్టి. కిడ్నీలను పాడుచేసే వాటిలో అదుపు లేని బీపీ ముందు వరసలో ఉంటుంది. మోకాళ్ల నొప్పులకు డాక్టరు చీటీ లేకుండా కొని నెలల తరబడి మింగే నొప్పి మాత్రలు చాలా రకాలు బీపీని పెంచుతాయి, కిడ్నీలనూ దెబ్బతీస్తాయి. బీపీ మాత్రకు భయపడే మనిషే ఆ నొప్పి మాత్రను నిశ్చింతగా మింగుతాడు, ఎందుకంటే దాని మేలు గంటలో తెలుస్తుంది.

ఇది పట్నం జబ్బనీ, కుర్చీలో కూర్చునేవాళ్లకే వస్తుందనీ ఇంకా అనుకునేవాళ్లకు గోదావరి జిల్లాల లెక్క చెప్పాలి. 2003-04లో తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో, సుమారు 1,80,000 జనాభాలో, ఏడాదిలో జరిగిన 1,354 మరణాలకు కారణమేమిటని ఇల్లిల్లూ తిరిగి ఆరా తీశారు. ఆంధ్రప్రదేశ్ గ్రామీణ ఆరోగ్య పరిశోధన కార్యక్రమం కింద జరిగిన పని ఇది. గుండె, రక్తనాళాల జబ్బులతో పోయినవాళ్లు 32 శాతం. అంటురోగాలతో పోయినవాళ్లు 12 శాతం. పచ్చటి పొలాల నడుమ, ఒళ్లు వంచి పనిచేసే ఊళ్లలో సంగతి ఇది.

ఆ ఊళ్లలో మాత్ర మనిషి నోటిదాకా వెళ్లే దారిని కాస్త గమనిస్తే చాలా అర్థమవుతుంది. టిఫిన్ తిన్నాక వేసుకోమని చెప్తారు. చద్దన్నం మూటతో పొలానికి పోయే మనిషి పదకొండింటికి తింటుంది, మాత్ర ఇంట్లో గూట్లో ఉంటుంది. శనివారం ఒక్కపొద్దు, కార్తీక సోమవారం ఉపవాసం, రంజాన్ నెలలో రోజా. తిండి లేదు కాబట్టి మాత్ర కూడా లేదు. నిజానికి ఆమ్లోడిపిన్‌కూ టెల్మిసార్టాన్‌కూ తిండితో పనిలేదు, ఖాళీ కడుపుతోనూ వేసుకోవచ్చు, రాత్రి పూటా వేసుకోవచ్చు. ఈ ఒక్క మాట చీటీ మీద రాసి చెప్తే ఉపవాసపు రోజుల మాత్రలు చాలావరకు దక్కుతాయి. పెళ్లికి ఊరెళ్తే సంచీలో చీరలుంటాయి, మాత్రలుండవు. చుట్టాలింట్లో అందరి ముందూ మాత్ర తీయడానికి మొహమాటం. ముప్పై ఏళ్ల కుర్రాడికైతే అది సిగ్గు, పెళ్లి సంబంధాల భయం.

ఊరికి 104 సంచార వైద్య బండి నిర్ణీత రోజున వస్తుంది. బీపీ, షుగరు మాత్రలు అందులోనే ఇస్తారు. ఆ బండి ఎందరో పెద్దవాళ్ల ప్రాణాలు నిలబెట్టిందని నమ్ముతాను. కానీ ఆ రోజు నాట్లకో కోతకో కూలికి పోయినవాళ్లకు మాత్రలు అందవు. కూలి మానుకోవాలి, లేదా మాత్రలు మానుకోవాలి. స్ట్రిప్పు మూడు రోజుల్లో అయిపోతుందంటే, బండి రావడానికింకా పన్నెండు రోజులుంటాయి. పట్నం మందుల షాపులో అదే మాత్ర మరో కంపెనీది, మరో ధర. సర్కారు సరఫరాలోనూ టెండరు మారితే కంపెనీ మారుతుంది. నిన్న తెల్లగా గుండ్రంగా ఉన్న మాత్ర ఇవాళ గులాబీ రంగులో పొడుగ్గా ఉంటుంది. చదువురాని పెద్దావిడకు మాత్రకు గుర్తు దాని రూపమే. 2014లో అమెరికాలో గుండెపోటు వచ్చి కోలుకున్నవాళ్ల మీద జరిపిన పరిశోధనలో, మాత్ర రంగు మారినప్పుడు మానేసే అవకాశం 34 శాతం, ఆకారం మారినప్పుడు 66 శాతం పెరిగింది. అక్కడే అంత తేడా ఉంటే, సీసా మీద పేరు చదవలేని చోట ఎంత ఉంటుందో ఊహించుకోవచ్చు.

ఇక డాక్టరు గది. 67 దేశాల్లో రోగికి డాక్టరు ఇచ్చే సమయాన్ని పోల్చి 2017లో ఒక సమీక్ష వచ్చింది. స్వీడన్‌లో 22 నిమిషాలకు పైగా, బంగ్లాదేశ్‌లో 48 సెకన్లు, మన దేశంలో రెండు నిమిషాల పైచిలుకు. ఆ రెండు నిమిషాల్లో జరిగే సంభాషణ మనందరికీ తెలుసు.

"మాత్రలు వేసుకుంటున్నావామ్మా?"

"వేసుకుంటున్నానండి."

బీపీ 168 ఉంది. డాక్టరు ఇంకో మాత్ర రాస్తాడు. మొదటి మాత్రే కడుపులోకి వెళ్లడం లేదని ఆయనకు తెలియదు. ఆమె చెప్పదు. చెప్తే అందరి ముందూ కేకలేస్తాడు. మూడో నెలకు మూడు మాత్రలు, ఖర్చు మూడింతలు, భయం మూడింతలు. ఇంకో రకం కూడా ఉంటుంది. డాక్టరు దగ్గరికి వెళ్లే మూడు రోజుల ముందు మళ్లీ మొదలుపెట్టేవాళ్లు. ఆ రోజు బీపీ బాగానే కనపడుతుంది. మిగతా నెలంతా నాళాలు ఆ ఒత్తిడి భరిస్తూనే ఉంటాయి. "మాత్రలు వేసుకుంటున్నావా" అనే ప్రశ్నకు జవాబు ఒక్కటే వస్తుంది. "అందరికీ అప్పుడప్పుడూ తప్పిపోతుంటాయి, నీకు పోయిన వారంలో ఎన్ని రోజులు తప్పాయి?" అని అడిగితే నిజం రావడానికి దారి దొరుకుతుంది.

హామిల్టన్ కథ మొదటి ప్రయోగంతో ఆగలేదు. ఆరు నెలల తర్వాత కూడా మాత్రలు సరిగ్గా వేసుకోని, బీపీ అదుపులో లేని 38 మందిని సాకెట్, హేన్స్ బృందం మళ్లీ పిలిచింది. కొందరికి బీపీ తామే కొలుచుకోవడం నేర్పారు. ఎవరి రోజువారీ పనులకు తగ్గట్టు వాళ్లు మాత్ర వేసుకునే వేళను కుదిర్చారు. రెండు వారాలకోసారి ఒక మనిషి వాళ్లను కలిసి అంకెలు చూసేది, బాగుంటే మెచ్చుకునేది. ఆమె డాక్టరు కాదు, నర్సు కాదు, వైద్యంలో శిక్షణ లేని హైస్కూలు చదువు మనిషి. 1976లో లాన్సెట్‌లో వచ్చిన ఫలితం ప్రకారం వాళ్లలో మాత్రలు వేసుకోవడం 21 శాతం మేర పెరిగింది, ఇవేవీ అందని పక్క గుంపులో కొంచెం తగ్గింది. పాఠాలకు లొంగని సమస్య ఇక్కడ లొంగింది. ఎందుకంటే కనపడని జబ్బుకు ఒక అంకె కనపడింది, ఆ అంకెను అడిగే మనిషి ఒకరు ఉన్నారు.

తర్వాతి ప్రయోగాలు చాలావరకు ఈ దారినే చూపిస్తున్నాయి. కొలంబియా, మలేషియాలో జరిగిన హోప్-4 ప్రయోగంలో ఆరోగ్య కార్యకర్తలు మందులు ఉచితంగా అందించారు. ప్రతి రోగీ ఇంట్లోవాళ్లలోనో స్నేహితుల్లోనో ఒకరిని తోడుగా ఎంచుకున్నాడు. ఏడాదికి బీపీ అదుపులో ఉన్నవాళ్లు 69 శాతం, మామూలు వైద్యంలో 30 శాతం. శ్రీలంకలో మూడు మందులను తక్కువ మోతాదులో ఒకే మాత్రగా ఇచ్చి చూశారు. 700 మంది మీద జరిగిన ఆ ప్రయోగంలో ఆరు నెలలకు 70 శాతం మందికి బీపీ అనుకున్న స్థాయికి వచ్చింది, విడివిడి మాత్రల మామూలు వైద్యంలో 55 శాతానికి. లాస్ ఏంజెలెస్‌లో నల్లజాతి మగవాళ్లకు వాళ్లు నెలనెలా వెళ్లే క్షౌరశాలల్లోనే ఫార్మసిస్టు వచ్చి వైద్యం చేశాడు. పై బీపీ సగటున 27 పాయింట్లు దిగింది. నమ్మకమున్న చోటికి వైద్యమే నడిచి వెళ్లడం ఇందులో నాకు నచ్చిన సంగతి.

మన దగ్గర 2017 నవంబరులో భారత అధిక రక్తపోటు నియంత్రణ కార్యక్రమం మొదలైంది. తొలి విడత ఐదు రాష్ట్రాల్లో తెలంగాణ కూడా ఒకటి. పద్ధతి సాదాసీదా. ఏ మందు ఎప్పుడు పెంచాలో ఒక్క కాగితంలో రాసిపెట్టారు: ఆమ్లోడిపిన్‌తో మొదలు, చాలకపోతే టెల్మిసార్టాన్, ఆపైన నీరు తీసే మాత్ర. రకాలు తగ్గాయి కాబట్టి సరఫరా తేలికైంది. నెలకు సరిపడా మందు ఒకేసారి ఇచ్చారు. చెప్పిన తేదీకి రానివాళ్ల పేర్లు ఫోన్ యాప్‌లో కనపడతాయి. వాళ్లకు ఫోన్ చేస్తారు, లేదా ఏఎన్‌ఎమ్మో ఆశా కార్యకర్తో ఇంటికి వెళ్తుంది. 24 కేంద్రాల్లో సుమారు 22,000 మందిని గమనిస్తే, చేరినప్పుడు నాలుగో వంతు మందికి అదుపులో ఉన్న బీపీ తర్వాత దాదాపు 60 శాతం మందికి అదుపులోకి వచ్చింది. పెద్దాసుపత్రుల కన్నా ఇంటికి దగ్గరున్న చిన్న కేంద్రాల్లోనే ఫలితం మెరుగ్గా ఉంది. 2022లో ఈ పనికి ఐక్యరాజ్యసమితి అవార్డు దక్కింది.

అయితే ఫలించని ప్రయత్నాలూ ఉన్నాయి. పశ్చిమ గోదావరిలో 54 గ్రామాల్లో ఆశా కార్యకర్తల చేతికి ట్యాబ్‌లు ఇచ్చి, ముప్పున్నవాళ్లను గుర్తించి డాక్టరు దగ్గరికి పంపే ప్రయోగం జరిగింది. 2019లో ఫలితం వచ్చింది. బీపీ అదుపులోకి వచ్చినవాళ్ల సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఆశా కార్యకర్తల శ్రమను నేను తక్కువ చేయను. కానీ డాక్టరూ మందూ ఊరికి దూరంగానే ఉండిపోతే, ట్యాబ్‌లో ఎంత తెలివి పెట్టినా ఆ దూరం తగ్గదు.

ఇప్పుడు మాత్ర మానేసి ఉన్నవాళ్లకో, మానేద్దామా అనుకుంటున్నవాళ్లకో రెండు మూడు మాటలు. పాదాలు వాచాయని ఆమ్లోడిపిన్ ఆపేస్తే, ఆ సంగతి డాక్టరుకు చెప్పండి. మోతాదు తగ్గించి టెల్మిసార్టాన్ జతచేస్తే ఆ వాపు చాలామందికి తగ్గుతుంది. దగ్గు వల్ల రామిప్రిల్ పడకపోతే, దగ్గు తెప్పించని లోసార్టాన్, టెల్మిసార్టాన్ రకం ఉంది. నీరు తీసే మాత్రను ప్రయాణమున్న రోజు ఏ వేళకు మార్చుకోవచ్చో అడగండి. బరువు, ఉప్పు తగ్గించి బీపీ బాగా దిగినవాళ్లకు మాత్రలు తగ్గించే అవకాశం కూడా కొన్నిసార్లు ఉంటుంది, అది కొలతలు చూసి డాక్టరు చేయాల్సిన పని. ఇంట్లో చేతిపట్టీ బీపీ మిషన్ ఉంటే ఐదు నిమిషాలు కుదురుగా కూర్చుని, వీపు ఆనించి, చెయ్యి గుండె ఎత్తున పెట్టి కొలిచి, ఆ అంకెలు తేదీతో సహా రాసిపెట్టి చూపించండి. "పోయిన నెలలో పది రోజులు వేసుకోలేదండి, ఇదిగో కారణం" అని చెప్పగలిగితే డాక్టరు రెండో మాత్ర రాయడు. మొదటి మాత్ర గురించి మాట్లాడతాడు.